దండెం కిందికి దిగిన నెలలు

రాసుకో సింధూ. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపొద్దు. చదివేది ఎవరో నాకు తెలియదు. చెయ్యి పైకి లేవక, ఆ మాట ఇంట్లో చెప్పక, గుట్టుగా తిరుగుతున్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం అనుకో. నా కుడి చెయ్యి ఇప్పుడు చెవి దాటి లేస్తోంది. ఆరు నెలల కిందట నడుము దాటేది కాదు. గండం గడిచింది కాబట్టి ఇప్పుడు కూర్చుని విసుక్కోవచ్చు.

ముందు మన ఇంటి బట్టల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నా జబ్బు ఎవరికీ అర్థం కాదు.

పురసవాక్కంలో మూడో అంతస్తు మాది, తమిళుల మధ్య తెలుగు ఇల్లు. ఐదుగురం ఉంటాం. నేను, మా అబ్బాయి మురళి, కోడలు కవిత, ఇది రాస్తున్న మనవరాలు సింధు, దాని తమ్ముడు నిఖిల్. ఐదుగురికి రోజూ పడే బట్టలు చూస్తే ఇంట్లో పెళ్ళివారు దిగారనుకుంటారు. నిఖిల్‌కు బడి యూనిఫారం ఒకటి, ఆటల యూనిఫారం ఒకటి, షటిల్ ఆడి తడిపిన బనియను ఒకటి. మేజోళ్ళు ఉండ చుట్టి వేస్తాడు. ఆ ఉండ విప్పితే పిడికెడు ఇసక. మురళి చొక్కా జేబులో పెన్ను, బస్సు టికెట్టు, ఒకసారి దగ్గు మాత్రల అట్ట. కవిత ఆఫీసు బట్టలకు వేరే వల సంచి. వాటిని పిండకూడదు, ఎండలో వేయకూడదు, మరి ఏం చేయాలో ఆ బట్టలు కుట్టినవాడికే తెలియాలి. ఇక నువ్వు. ఎందుకు ఆగావు, రాయి. ఈ పిల్ల గంటసేపు వేసుకున్న చుడీదారు కుర్చీ మీద పడేస్తుంది. అది మాసిందా లేదా అని అడిగితే, "మధ్యలో ఉండాది అవ్వా" అంటుంది. ఆ కుర్చీలో మనిషి కూర్చుని రెండేళ్ళయింది.

ఇదంతా నడిపేది నేను. సోమవారం తెల్లవి, మంగళవారం రంగువి. మిద్దె మీద తీగలు మన వంతుకు వచ్చేది బుధవారం, శనివారం మాత్రమే, అందుకని దుప్పట్లు ఆ రోజుల్లోనే. మిగతా రోజుల్లో అన్నీ వెనక బాల్కనీలోనే. మెషీను కూడా అక్కడే. కింద ఇస్త్రీ బండి సెల్వం కేక వేసే వేళకు మడతలు సిద్ధంగా ఉండాలి. ఒక్కరోజు తప్పితే మూడు రోజులు సర్దుకోవాలి.

వీటన్నిటికీ వేరుగా నా మడి బట్టలు. స్నానం చేసి, తడిపి, ఇంకెవరి చెయ్యీ తగలకుండా ఆరేసిన బట్ట కట్టుకుంటేనే నాకు పూజయినా వంటయినా. ఎవరికీ తగలకూడదంటే ఎత్తున ఆరాలి. బాల్కనీ కప్పుకు రెండు కొక్కేలు, వాటి మీదుగా రెండు తాళ్ళు, ఆ తాళ్ళకు అడ్డంగా ఒక వెదురు దండెం. తాళ్ళ కొసలు కిందికి వచ్చి కిటికీ చువ్వలకు కట్టి ఉంటాయి. తాడుకు జానెడుకొక ముడి. తడి చీర మడిచి, మడి కర్ర కొసకు తగిలించి, రెండు చేతులా పైకెత్తి, దండెం మీద వేసి, ఆ కర్రతోనే అటూ ఇటూ లాగి విప్పాలి. జార్జి టౌన్‌లో మా అత్తగారి ఇంట్లో నేర్చుకున్నాను. ఆ ఇల్లు వదిలేటప్పుడు నేను అడిగి తెచ్చుకుంది ఆ వెదురు ఒక్కటే. నేను పొడుగు మనిషిని కాబట్టి నాకు అందింది. కవిత నా భుజం దాకా వస్తుంది. దానికి కర్ర ఉన్నా అందదు. అందలేదని దానికి బాధా లేదు.

మా ఆయన పోయి పదకొండేళ్ళు. మాఘమాసంలో తద్దినం. ఆ రోజు నేను కట్టుకునే చీర, మురళి కట్టుకునే పంచె, ఉత్తరీయం, ఇన్నేళ్ళూ నా చేత్తోనే ఆరాయి. తద్దినం వంట నా చేత్తోనే జరిగింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. తరవాత నేను పడిన భయమంతా దీని గురించే.

ఆడి నెలలో, అదే మన ఆషాఢంలో, మొదలైంది. జంపఖానా తడిపి పిండుతుంటే కుడి భుజం కలుక్కుమంది. నువ్వుల నూనె రాసి వేణ్ణీళ్ళు పోసుకున్నాను. రెండు రోజులకు రవిక చేతిలో చెయ్యి దూర్చడం కష్టమైంది. పది రోజులకు కొప్పు ముడవలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. "మీరు కూర్చోండి" అంటారు. కూర్చోబెట్టిన ముసలిదాన్ని మళ్ళీ లేవనిచ్చిన ఇల్లు నేను చూడలేదు.

పసుపు కొమ్ములు తెచ్చుకుంటానని చెప్పి జార్జి టౌన్ బస్సెక్కాను. అక్కడ ఒక సందులో బెణుకులు లాగే ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారు. తోపుడు బళ్ళ మధ్య ఒరుసుకుంటూ వెతికి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. పగలే చుక్కలు కనపడ్డాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పై కమ్మీ పట్టుకోలేక, కిటికీ పక్కన ఎవరో అమ్మాయి చోటిస్తే కూర్చుని ఇంటిదాకా కళ్ళు తుడుచుకున్నాను. పసుపు కొమ్ములు కొనడం మరిచిపోయాను. అడిగితే, బాగాలేవని చెప్పాను.

ఇక దండెం. ఒకరోజు కర్ర ఎత్తితే అందలేదు. నాలుగు వేళ్ళు తక్కువైంది. చువ్వ దగ్గర తాడు వదిలి ఒక ముడి దించుకున్నాను. పదిహేను రోజులకు ఇంకో ముడి. అప్పటికి చీర చెంగు కిందికి వేలాడుతోంది. మెషీను దగ్గరికి వచ్చేవాళ్ళు దాన్ని రాసుకునే పోతున్నారని నాకు తెలుసు. తెలియనట్టే ఉన్నాను. ఇన్నేళ్ళు మడి మడి అని అందరినీ ఆమడ దూరం నిలబెట్టినదాన్ని, నా భుజం దాచుకోవడానికి ఆ మడినే వదిలేశాను.

నేను చేసిన తప్పు ఇదే. చెయ్యి ఎంత తగ్గితే దండెం అంత దిగింది. రోజూ అందుతూనే ఉంది. అందుతోంది కాబట్టి నాకేం జబ్బు లేదనుకున్నాను. చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో దండెం ఉండకపోవచ్చు. పై అరలో ఉండే పప్పు డబ్బా కింది అరలోకి వచ్చిందా, ఎందుకొచ్చిందో చూసుకోండి.

ఐప్పసి వానల్లో, అదే ఆశ్వయుజంలో, బయటపడింది. మురళి చొక్కా వెతుక్కుంటూ బాల్కనీలోకి విసురుగా వచ్చాడు. ఠప్పుమని నుదురు వెదురుకు కొట్టుకుంది.

"అమ్మా, ఏంది ఈ దండెం ఈడికి దిగుండాది?"

"వానకు తాడు సాగిందిరా."

"వానకు తాడు బిగుసుకుంటాదిమా, సాగదు." వాడు చువ్వ దగ్గరికి పోయి ముళ్ళు లెక్కపెట్టాడు. "ఐదు ముళ్ళు వదిలుండావు. ఏదీ, చెయ్యెత్తు."

"ఎందుకురా?"

"ఎత్తుమా."

ఎత్తాను. నడుము దగ్గర ఆగిపోయింది. వాడు దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకోబోయాడు.

"మడిలో ఉండా. ముట్టుకోబాకు."

"ముట్టుకున్నా గదా. ఇంకేం జేస్తావు," అన్నాడు. వాడి నుదుటి మీద బొప్పి లేస్తోంది, దాన్ని పట్టించుకోకుండా నా చేతినే చూస్తున్నాడు. నాకప్పుడు మొదటిసారి భయం వేసింది.

సాయంత్రం కవిత ఆఫీసు నుంచి వచ్చి విన్నది. కవితది విజయవాడ. కోపం వస్తే దాని మాట మరీ మెత్తగా అయిపోతుంది.

"మూడు నెలలు, అత్తయ్యా. మూడు నెలల్లో ఒక్క మాట చెప్పలేదు. నేను ఈ ఇంట్లో లేనా?"

"నువ్వు ఆఫీసులో ఉంటివి గదమ్మా," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. అన్నాను.

డాక్టరు చూసి, కీలు బిగుసుకుపోయిందన్నాడు. నాలా షుగరు ఉన్నవాళ్ళకు ఇలా వస్తుందట. "తగ్గుతుంది, కానీ నిదానంగా. ఏడాది పట్టినా పట్టొచ్చు," అన్నాడు. మిగిలినవేవీ నాకు వినపడలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. మాఘానికి నాలుగు నెలలు కూడా లేదు.

ఆ రోజు నుంచి బట్టలు వాళ్ళ చేతికి పోయాయి. కవిత ఒక చార్టు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఎవరికి ఏ రోజు మెషీను, ఎవరు ఆరేయాలి, ఎవరు మడవాలి, అన్నీ గళ్ళు గీసి రంగులు పూసింది. చూడ్డానికి బాగుంది. మొదటి వారంలోనే సింధు తన ఎర్ర చున్నీ తెల్లవాటితో కలిపి వేసింది. మురళి చొక్కాలు నాలుగూ గులాబీ రంగుకు తిరిగాయి.

"ఎర్రది తెల్లవాటితో వెయ్యకూడదని చార్టులో లేదు గదా అవ్వా," అంది.

"పళ్ళు తోముకోమని కూడా లేదు. తోముకుంటా ఉండావు గదే."

నవ్వకు, రాయి. నిఖిల్ తన వంతు రోజున మెషీను వేసి, తీయడం మరిచాడు. రెండు రోజులకు మూత తెరిస్తే వచ్చిన వాసనకు మెషీనే కుళ్ళిందనుకున్నాం. బయట వాన విడవదు. భోజనాల కుర్చీల మీద తువ్వాళ్ళు, తలుపుల మీద దుప్పట్లు, ఫ్యాను కింద లోబట్టలు. వచ్చినవాళ్ళను కూర్చోమనడానికి సిగ్గేసింది. ఈ సింధు జుట్టు ఆరబెట్టే మిషనుతో తమ్ముడి యూనిఫారం ఆరబెడుతూ కూర్చుంది. నేను సోఫాలో వేడి నీళ్ళ సంచి భుజానికి పెట్టుకుని చూస్తున్నాను. ఒళ్ళు మండిపోయేది. నొప్పి ఒక పాలయితే, ఏదీ అనకుండా కూర్చోవడం మూడు పాళ్ళు.

అప్పుడే మురళి ఆ మాట తెచ్చాడు. గులాబీ చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఈ తూరి నాయన తద్దినం మఠంలో పెట్టిద్దాం. వంట, మడి, అన్నీ వాళ్ళే జూసుకుంటారు. మనం పోయి కూసుంటే సాలు."

తప్పుగా ఏమీ అనలేదు వాడు. ఎంతోమంది పెట్టిస్తున్నారు. కానీ ఆ ఒక్కటీ పోతే ఇక ఈ ఇంట్లో నా చెయ్యి దేనికి అనిపించింది. లేచిపోయి ఎడమ చేత్తో తువ్వాళ్ళు మడిచాను. ఎనిమిది తువ్వాళ్ళు. ఐదుగురికి ఎనిమిది తువ్వాళ్ళు ఎందుకు మాస్తాయో ఇప్పటికీ అర్థం కాదు.

కార్తీకంలో వ్యాయామం చేయించే చోటికి పోవడం మొదలుపెట్టాను. ఒక బట్టల కొట్టు పైన మేడ మీద రెండు గదులు. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టీవీ, చేతిలో టోకెన్. మెడకు పట్టీ వేసుకున్నాయన, మోకాలు పట్టుకున్నామె, నేను. లోపలి గదిలోంచి ఎవరో ఒకరు అమ్మా అని మూలిగేవాళ్ళు. బయట ఉన్నవాళ్ళం టీవీ వైపు గట్టిగా చూసేవాళ్ళం.

రెండో రోజు బస్సు దిగే తోపులాటలో నా జుట్టు ముడి ఊడిపోయింది. పైకి చెయ్యి పోదు. జుట్టు భుజాల మీద వేసుకుని ఆ జనంలో కూర్చోవడానికి ప్రాణం చచ్చిపోయింది. పక్క కుర్చీలో ఉన్నావిడ ఒక్క మాట అడగలేదు. "కొంచెం తిరగండక్కా," అని తమిళంలో అని, తన సంచిలోంచి దువ్వెన తీసి, నిదానంగా చిక్కు తీసి, ముడి వేసి, తన తలలోని పిన్ను తీసి పెట్టింది. ఆమె ఎడమ చేతికి కట్టు ఉంది. ఒక చేత్తో, కట్టు బయట మిగిలిన వేళ్ళతో చేసింది ఆ పని. ఆమె పేరు అడగలేదు. మళ్ళీ కనపడలేదు. ఆ పిన్ను ఇప్పటికీ నా తలలోనే ఉంది.

వ్యాయామం చేయించే పిల్ల పేరు భువన. సింధు కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నన్ను తమిళంలో పాట్టీ, అంటే అవ్వా, అని పిలిచేది. గోడ మీద వేళ్ళతో పైకి నడవమంది. బల్లిలా పాకాను. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీసింది. ఇంట్లో రోజూ ఎత్తు మీద పెట్టే వస్తువు ఏదైనా ఉందా అని అడిగితే దండెం సంగతి చెప్పాను. ఐదు ముళ్ళు దించిన సంగతి కూడా చెప్పేశాను. మురళికి చెప్పడానికి పట్టిన మూడు నెలలు ఈ పిల్ల దగ్గర పట్టలేదు.

"దించింది మీరు గదా పాట్టీ. ఎక్కించేదీ మీరే," అంది. "నేను గీత గీస్తాను, అంతే."

మార్గళిలో, అదే ధనుర్మాసంలో, ఒక ముడి ఎక్కింది. పొద్దున బాల్కనీ గోడ మీద పాకడం, పళ్ళు బిగబట్టడం, కర్రెత్తి దండెం తాకడం, ఇదే పని. సింధు నా జుట్టు దువ్వేది. కవిత ఆఫీసుకు పోయే ముందు నా వీపు మీద నీళ్ళు పోసేది. నేను గోడ వైపు చూసేదాన్ని, అది చెంబు వైపు చూసేది. అయినా ఒక్కరోజు మానలేదు.

అలాంటి కోడలితో పోట్లాట తెచ్చుకున్నాను. ఆదివారం అది గంటసేపు కూర్చుని బట్టలన్నీ మడిచి లోపలికి పోయింది. అంచులు కలవలేదు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఒక్కొక్కటే విప్పి మళ్ళీ మడుస్తున్నాను. ఎప్పుడు వచ్చిందో, గది గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"మీరు మళ్ళీ మడవడానికైతే నేనెందుకు మడిచాను, అత్తయ్యా?"

"అంచులు కలవలేదమ్మా."

"చెయ్యి నొప్పని కదా నేను చేసేది. అంచుల కోసం చేస్తానా?"

తలుపు వేసుకుంది. రెండు రోజులు మా మాటలు నిఖిల్ మోశాడు. "అవ్వ కాఫీ తాగిందా అని అమ్మ అడగమంది." "తాగిందని చెప్పు." మూడో రోజు పొద్దున మామూలుగా వచ్చి నీళ్ళు పోసింది. నీళ్ళు ఎప్పటికంటే వేడిగా ఉన్నాయి. భుజం ముందుకు పెట్టాను.

తద్దినం మూడు రోజులుందనగా దండెం మూడు ముళ్ళు ఎక్కి ఉంది. ఇంకా రెండు తక్కువ. అంతకంటే పైకి నా కర్ర పోదు. ఆ ఎత్తులో ఆరేస్తే చీర చెంగు, పంచె కొసలు మనిషి గుండెల దాకా వేలాడతాయి. ఆ కిందే మెషీను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాకపోకలు. ఎవరో ఒకరు రాసుకోక తప్పదు. నేను బాల్కనీలో నిలబడి పైకీ కిందికీ చూస్తున్నాను.

"మఠానికి ఫోను జేసేదా అమ్మా?" అన్నాడు మురళి. మెల్లగానే అన్నాడు.

తల ఊపబోయాను.

"ఆగండి," అంది కవిత. ఫ్రిజ్ మీది చార్టు పీకి తెచ్చి, రెండు రోజుల గళ్ళు పెన్నుతో కొట్టేసింది. "తద్దినానికి ముందురోజు పొద్దున అత్తయ్య ఆరేస్తారు. అప్పటినుంచి భోక్తలు లేచేదాకా బాల్కనీకి తాళం. మెషీను లేదు, బట్టలు లేవు."

"నా యూనిఫారం?" అన్నాడు నిఖిల్.

"నిన్నటిదే వేసుకో."

"మరి నాకు?" అంది సింధు.

"కుర్చీ మీద ఉన్నవి వేసుకో. మధ్యలో ఉన్నాయి కదా."

ఆ కుర్చీ ఒక పనికొచ్చింది, మొదటిసారి.

ముందురోజు పొద్దున తలస్నానం చేసి బట్టలు తడిపాను. ఉత్తరీయం వేశాను. పంచె వేశాను. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను. ఇక చీర. తడిసిన నూలు చీర ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుసు. కర్ర సగం దాకా లేచింది. భుజం పట్టేసింది. పైకి పోదు, దించితే నేలకు తగులుతుంది, మళ్ళీ తడపాలి, మళ్ళీ ఎత్తే బలం లేదు. కిందినుంచి సెల్వం ఇస్త్రీకి కేక వేస్తున్నాడు.

"అత్తయ్యా."

బాల్కనీ గుమ్మంలో కవిత. తల మీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. తడి చీరతో నిలబడి ఉంది. ఎవరు చెప్పారు దానికి స్నానం చేసి రమ్మని? నేను చెప్పలేదు.

"నేను తాకొచ్చా?"

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. నేను అడగనివ్వలేదు.

"పట్టుకో," అన్నాను.

నా చేతి కింద కర్ర పట్టుకుంది. మునివేళ్ళ మీద లేచింది. పాత ఎత్తులో అయితే దానికి అందేది కాదు. ఇద్దరం ఎత్తితే చీర వెదురు మీద పడింది. కర్రతో లాగి విప్పడం దానికి రాలేదు. అటు ఎక్కువ, ఇటు తక్కువ అయింది. అలాగే ఆరింది.

తద్దినం ఇంట్లోనే జరిగింది. వంట నేనే చేశాను. గారెలకు పప్పు రుబ్బే పని, గిన్నెలు దించే పని కవిత చేసింది. మురళి ఆ పంచె కట్టుకుని పీట మీద కూర్చుంటే, వాళ్ళ నాయన భుజాలే అనుకున్నాను. ఆ మర్నాడు మెషీను మూడుసార్లు తిరిగింది, అది వేరే కథ.

ఇప్పుడు పంగుణి, అదే ఫాల్గుణం. చెయ్యి చెవి దాటింది, వీపు మీదికి ఇంకా పోదు. నిన్న మురళి కిటికీ దగ్గర నిలబడి తాడు పట్టుకున్నాడు.

"ఇంగ ఆ రెండు ముళ్ళు ఎక్కించేదా అమ్మా? చెయ్యి అందతా ఉండాది గదా."

"వద్దులేరా. ఆడనే ఉండనీ."

"చీర నా తలకు తగలతా ఉండాదిమా."

"వంగి పో."

ఈ పొద్దున కవిత స్నానం చేసి వచ్చి నా చీర తనే ఆరేసి ఆఫీసుకు పోయింది. ఒక కొస జానెడు కిందికి, ఇంకో కొస జానెడు పైకి. కర్ర పక్కనే ఉంది. చెయ్యి లేస్తోంది. ఒక్క లాగు లాగితే సరిపోయేది. నేను చూశాను, ఊరుకున్నాను. సింధూ, ఊరుకున్నానని రాయి.